అనధికార నీరు

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు ఏనాడో చెప్పి ఊరుకున్నారు. అదే ఎండలకు కోళ్ళు కూడా సొమ్మసిల్లుతాయని మాత్రం కుక్కుట సంక్షేమ శాఖ వారు ఈ ఏడాదే కనిపెట్టారు. ఊరికే కనిపెట్టలేదు. దుప్పటి కప్పుకుంటే తప్ప కూర్చోలేనంత చల్లటి హాల్లో రెండు రోజులు సదస్సు జరిపి, రెండో రోజు భోజనంలోకి నాటుకోడి పులుసు చేయించుకుని, అది తిన్న తర్వాత కనిపెట్టారు.

దానికి విరుగుడు కూడా వారే చెప్పారు. సి విటమిన్. మాట తప్పేమీ కాదు. ఎండాకాలం నీళ్ళలో కాస్త ఆ పొడి కలిపితే కోడి కొంత తెప్పరిల్లుతుంది. కోళ్ళ రైతులు ఎప్పటినుంచో తెల్లవారుతూనే చల్లటి నీళ్ళలో కలిపి పడుతూనే ఉన్నారు. కానీ ఎవరికి వారు కలుపుకుంటే అది మందు అవుతుంది తప్ప పథకం అవదు. పథకం అవాలంటే దానికో పేరుండాలి, ప్రారంభోత్సవం ఉండాలి, ప్రారంభించడానికి మంత్రి ఉండాలి. పేరు సదస్సులోనే పెట్టేశారు: ‘కుక్కుట శీతల సంజీవని’. ఇక కావలసినవి కోళ్ళు.

ఆ కోళ్ళు గోదావరి గట్టు పక్క కొత్తలంకలో, మల్లిడి అమ్మిరెడ్డి షెడ్డులో దొరికాయి.

అమ్మిరెడ్డివి గుడ్ల కోళ్ళు. అరచేతిలో పట్టే పిల్లలుగా తెచ్చి, భార్య సత్యవేణీ తనూ కలిసి పసిబిడ్డల్ని సాకినట్టు సాకితే, అప్పుడప్పుడే గుడ్డుకు వచ్చాయి. పొద్దున్నే షెడ్డులో అడుగుపెడితే ఆ కేకలకు చెవులు గింగురుమనేవి. ఆ రొద వినకపోతే అమ్మిరెడ్డికి కాఫీ దిగేది కాదు.

ఆ ప్రాంతపు కోళ్ళ అధికారి డాక్టర్ పరాంకుశం ఒకనాడు జీపు దిగి, “అమ్మిరెడ్డిగారూ, మీ క్షేత్రాన్ని ఆదర్శ ప్రయోగ క్షేత్రంగా ఎంపిక చేయడమైనది,” అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మామూలుగా మాట్లాడినా నోటివెంట ఉత్తర్వులే వచ్చేవి, అంతే. పైగా తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

“ఆయ్! మాదేనాండి? ఇంతమందుండగా?” అన్నాడు అమ్మిరెడ్డి.

“మీ అభ్యుదయ దృక్పథాన్ని గుర్తించడమైనది.”

నిజానికి గుర్తించింది సిమెంటు రోడ్డును. మంత్రిగారి కారు మట్టి తొక్కకుండా వచ్చి, వెనక్కి తిరిగి వెళ్ళగలిగిన షెడ్డు ఆ చుట్టుపక్కల అదొక్కటే. ఆ సంగతి అమ్మిరెడ్డికి తట్టలేదు. ఆయన కళ్ళముందు అప్పటికే ఓ పెద్ద ఫ్లెక్సీ వేలాడుతోంది. నిరుడు వినాయక చవితి ఫ్లెక్సీలో ఆయన బావమరిది ఫొటో ఓ మూల తపాలా బిళ్ళంత పడితే, ఆ బావమరిది ఏడాది పొడుగునా నేల మీద నడిచింది లేదు. ఇప్పుడు తన ఫొటో మంత్రిగారి పక్కనే పడబోతోంది.

“కోళ్ళకి మందు పట్టడానికి మంత్రెందుకండీ?” అంది సత్యవేణి జీపు వెళ్ళాక.

“నీకు తెల్దులేవే. ఇది సర్కారు మందు,” అన్నాడు అమ్మిరెడ్డి మీసం సవరించుకుంటూ.

వారం తిరగకుండా పరాంకుశం మళ్ళీ వచ్చి షెడ్డు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. పక్కలకు వేలాడుతున్న తడి గోనెపట్టాల దగ్గర ఆగాడు.

“ఇవేమిటి?”

“గోనెలండి. పొద్దెక్కగానే తడిపి ఏలాడేత్తామండి. వడగాలి లోపలికి రాకుండా.”

“తీసివేయవలెను.”

“అయ్యబాబోయ్, ఎందుకండీ?”

“శాస్త్రీయంగా ఆలోచించండి. రేపు సదరు కోడికి ఉపశమనం కలిగిందనుకుందాం. అది విటమిన్ వల్ల కలిగిందా, గోనె వల్ల కలిగిందా? ఫలితాన్ని ఏ పద్దు కింద చూపాలి? గోనెకు మా శాఖలో పద్దు లేదు.”

అమ్మిరెడ్డికి ఇది సబబుగానే తోచింది. ఫ్లెక్సీ ఆశ ఉన్నవాడికి ఏదైనా సబబుగానే తోస్తుంది. గోనెలు విప్పేశాడు. షెడ్డు పైకప్పు మీద నీళ్ళు చిమ్మే గొట్టం కూడా అదే కారణం చేత ఊడదీయించారు. మధ్యాహ్నాలు సత్యవేణి పలచటి మజ్జిగ పోసేది. మజ్జిగ పాడి శాఖ పరిధిలోని వస్తువనీ, రేపు కోడి కోలుకుంటే ఆ ఘనత వాళ్ళు కొట్టేస్తారనీ చెప్పి పరాంకుశం దాన్నీ ఆపించాడు.

తర్వాత ఆయన చూపు పడమటి వైపున్న వేపచెట్టు మీద పడింది. సాయంత్రం ఎండను షెడ్డు మీద పడనీయకుండా ఆపేది ఆ చెట్టే.

“నీడ కూడా జోక్యమే,” అన్నాడు పరాంకుశం. “అదీగాక చెట్టు అటవీ శాఖకు చెందును.”

“నీడకి కూడా శాఖుంటదాండి?”

“ప్రభుత్వంలో శాఖ లేనిది ఏదీ లేదు.”

కొమ్మలు కొట్టించారు. నిచ్చెన పట్టుకున్నది అమ్మిరెడ్డే. సత్యవేణి ఆ రోజు అన్నం గట్టిగా చప్పుడు చేస్తూ వడ్డించింది.

“మరి గాలిని ఏం చేద్దావండీ?” అని అమ్మిరెడ్డి పరాచికానికి అడిగాడు. పరాంకుశం నవ్వలేదు. రెండు రోజుల తర్వాత ఫోను చేసి, ఆ విషయమై వాతావరణ శాఖతో సంప్రదింపులు జరుగుతున్నవనీ, అందాకా గాలిని యథాతథంగా అనుమతించవచ్చుననీ చెప్పాడు.

ముహూర్తం పెట్టడంలోనూ ఇదే శాస్త్రం. చల్లటి వేళ మందు పడితే, వేడి తగ్గించిందని ధ్రువీకరించడం ఎలాగ? లేని వేడి ఎలా తగ్గుతుంది? అందుచేత రోహిణిలో ఎండ బాగా మండే రోజు చూసి, మిట్టమధ్యాహ్నానికి ప్రారంభోత్సవం నిర్ణయించారు. ఆ వేళ కోళ్ళ షెడ్డులోకి మనిషి అడుగుపెట్టకూడదని, పెడితే బెదిరి ఉన్న ప్రాణం కాస్తా పోగొట్టుకుంటాయని కోళ్ళు పెంచేవాళ్ళలో తెలియనివాడు లేడు. అమ్మిరెడ్డికీ తెలుసు. నోరు తెరిచి చెప్పబోయాడు కూడా. అంతలో ఫ్లెక్సీవాడు వచ్చి ఏ ఫొటో వేయమంటారని అడిగాడు.

ఇంత చేసినా ఒక్క చిక్కు మిగిలింది. మంత్రిగారు వాల్వు తిప్పగానే కోళ్ళన్నీ ఒక్కసారిగా మూతులు పెట్టి తాగాలి. ఆ ఫొటో పేపర్లో పడాలి. అప్పటికే కడుపు నిండా నీళ్ళు తాగి ఉన్న కోడి మంత్రిగారి మొహం చూసి తాగుతుందా? పరాంకుశం దీనికీ మార్గం కనిపెట్టాడు.

టీకా మందు నీళ్ళలో కలిపి పట్టేటప్పుడు ముందు కాసేపు కోళ్ళకు నీళ్ళు కట్టేయడం అందరూ చేసేదే. దాహం మీదుంటే మందు నీళ్ళు గబగబా తాగేస్తాయి. అయితే అది తెల్లవారుజామున, చల్లటి పూట చేసే పని. పరాంకుశం ఏదో శిక్షణ తరగతిలో ఆ మొదటి సగం విని, రెండో సగం వచ్చేసరికి టీకి లేచినట్టున్నాడు.

“ఉదయం నుండి నీటి సరఫరా నిలుపుదల చేయవలెను,” అన్నాడు. “వాటి నోట పడే తొలి చుక్క విటమిన్ చుక్క కావలెను.”

ఆ రోజు రానే వచ్చింది. అమ్మిరెడ్డి గంజి పెట్టిన తెల్ల చొక్కా తొడిగాడు. గేటు మీద ఫ్లెక్సీ లేచింది. అందులో మంత్రిగారు, ఆయన పక్కన అమ్మిరెడ్డి, ఇద్దరి మధ్యా చలికోటు తొడుక్కుని నవ్వుతున్న ఒక కోడి. షెడ్డు పక్కన దిమ్మె మీదున్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో పొద్దున్నే విటమిన్ కలిపారు. ట్యాంకు నుంచి లోపలికి వెళ్ళే గొట్టం వాల్వు బిగించి, దానికి ఎర్ర రిబ్బను ముడి వేశారు. పళ్ళెంలో కత్తెర పెట్టారు.

మంత్రిగారు పన్నెండింటికి రావాలి. పన్నెండింటికి ఆయన పక్క మండలంలో బస్సు షెల్టరు ప్రారంభిస్తున్నారని తెలిసింది. తర్వాత ఎవరిదో గృహప్రవేశం. ఆ తర్వాత భోజనం. పరాంకుశం ఫోను చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతూ, ప్రతిసారీ వంగి దండం పెడుతూ మాట్లాడుతున్నాడు. “కోడి వేపుడు బాగుందని మరోసారి వడ్డించుకుంటున్నారట,” అని శామియానా కింద ఉన్నవాళ్ళకు చెప్పాడు.

షెడ్డులో కేకలు ఆగిపోయాయి. అమ్మిరెడ్డి గుమ్మంలోంచి తొంగిచూశాడు. కోళ్ళన్నీ నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. రెక్కలు ఒంటికి ఎడంగా ఎత్తిపెట్టి, గొంతులు టపటపా కొట్టుకుంటుండగా, పంజరాల ముందు బారుగా ఉన్న ఖాళీ నీళ్ళతొట్టిని పొడుస్తున్నాయి. పైన రేకు కాలి పెనం అయి ఉంది. గోనె లేదు, చెట్టు లేదు. చూస్తుండగానే మూడో వరసలో ఒకటి మెడ వాల్చేసింది.

“డాక్టరుగారూ, చచ్చిపోతన్నాయండి!”

పరాంకుశం వచ్చి చూశాడు. “ఇది పూర్వదశ. పథకం ఆవశ్యకతను ఇది చక్కగా తెలియజేస్తున్నది. దీన్ని కదపకండి, మంత్రిగారికి చూపిద్దాం.”

సత్యవేణి కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. “ఏవండీ, ఆ వాల్వు తిప్పండి.”

“రిబ్బను కట్టారే.”

“రిబ్బనుకి ప్రాణం ఉందాండీ?”

అమ్మిరెడ్డి ఓసారి కోళ్ళ వంక చూశాడు. ఓసారి గేటు వంక చూశాడు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది గాని, ఆ క్షణంలో ఆయన ఎక్కువసేపు చూసింది గేటు మీది ఫ్లెక్సీనే. ఆ చూసినంతసేపట్లో మరో వరసలో కోళ్ళు టపటపా పడిపోయాయి. సత్యవేణి గట్టిగా ఏడవలేదు. చచ్చిన కోడిని ఒకదాన్ని బయటికి తీసి, కడుపు కింద చెయ్యి పెట్టి, “దీని కడుపులో గుడ్డుందండి, గట్టిగా తగుల్తంది,” అంది.

అమ్మిరెడ్డి పళ్ళెంలో కత్తెర లాక్కుని రిబ్బను కత్తిరించి వాల్వు తిప్పేశాడు.

“ఆగండి!” పరాంకుశం కేక పెట్టాడు. “అది ప్రారంభం కాని నీరు!”

ప్రారంభం కాకపోయినా నీరు ప్రవహించింది. కోళ్ళు ఒక్కుమ్మడిగా మూతులు పెట్టాయి, ఒక్కుమ్మడిగా వెనక్కి తీశాయి. పొద్దుటినుంచి ఎండలో మరిగిన నల్ల ట్యాంకు. ఆ నీళ్ళతో టీ కాచుకోవచ్చు. మొగుడూ పెళ్ళాం బోరు దగ్గరికి పరుగెత్తి, మోటారు వేసి, బిందెలతో చన్నీళ్ళు మోసి తొట్టిలో పోశారు, కోళ్ళ మీద చిలకరించారు. గంజి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. శామియానా కింద ఉన్నవాళ్ళు కూడా లేచి తలా ఒక చెయ్యి వేశారు. తాగగలిగినవి తాగి బతికాయి. ఆలస్యమైపోయినవి నీళ్ళ ముందే పడిపోయాయి. వాటి సంఖ్య ఎంతంటే, అమ్మిరెడ్డి ఎంచలేక మధ్యలో మానేశాడు.

అప్పుడొచ్చారు మంత్రిగారు, బ్యాండు మేళంతో సహా.

పరాంకుశం సమయస్ఫూర్తి గల మనిషి. వాల్వు బిగించి, తెగిన రిబ్బను రెండు ముక్కలూ ముడివేసి, చచ్చిన కోళ్ళ మీద శామియానా గుడ్డ కప్పించాడు. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. వాల్వు తిప్పారు. బ్యాండు వాళ్ళు షెడ్డు గుమ్మంలో నిలబడి డోలు అదరగొట్టారు. ఆ అదురుకు ఇంకొన్ని కోళ్ళు గుండె పగిలి పోయాయి. మిగిలినవి ఇందాకే బోరు నీళ్ళు తాగి ఉండటం చేత ఒక్కటీ తొట్టి వంక చూడలేదు.

“తాగడం లేదేమయ్యా?” అన్నారు మంత్రిగారు.

“తమరి సమక్షంలో క్రమశిక్షణ పాటిస్తున్నవి సార్,” అన్నాడు పరాంకుశం.

మంత్రిగారు సంతోషించి, మైకు ముందుకు అమ్మిరెడ్డిని పిలిచి, శాలువా కప్పి, “చెప్పవయ్యా, ఎలా ఉన్నాయి నీ కోళ్ళు?” అని అడిగారు.

“చచ్చిపోయాయండి,” అన్నాడు అమ్మిరెడ్డి. “తవరి కోసం ఎదురు చూసి చూసి చచ్చిపోయాయండి.”

పరాంకుశం మైకు అందుకున్నాడు. “రైతు సోదరుడు భావోద్వేగానికి లోనైనాడు సార్. తమరి రాక కోసం తన కోళ్ళు సైతం తహతహలాడినవని చెబుతున్నాడు.”

చప్పట్లు మోగాయి. అమ్మిరెడ్డికి ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టు తగిలాయి. ఫ్లెక్సీ అడిగి మరీ కట్టించుకున్నది తానే కదా. ఇంకెవర్ని అనగలడు?

చచ్చిన కోళ్ళను గొయ్యి తీసి పాతిపెట్టారు. సత్యవేణి మొగుడి మొహం వంక చూడకుండా వాటి మీద సున్నం చల్లింది. ఏదైనా తిట్టినా బాగుండునని అమ్మిరెడ్డికి అనిపించింది.

శాఖ వారి నివేదిక తయారైంది. పథకం నూటికి నూరుపాళ్ళు జయప్రదం. వాల్వు తెరవకముందు మరణించిన కోళ్ళు విటమిన్ పడక మరణించినందున, పథకం ఎంత అవసరమో రుజువైనది. మంత్రిగారు వెళ్ళిన తర్వాత కూడా జీవించి ఉన్న కోళ్ళు విటమిన్ వల్లనే జీవించి ఉన్నందున, పథకం ఎంత ప్రయోజనకరమో రుజువైనది. ఈ రెండింటి మధ్యకాలంలో మరణించినవి మాత్రం శాఖను కొంత ఆలోచింపజేశాయి. అవి నీళ్ళు తాగే సమయంలో మరణించాయి. ఆ నీళ్ళు ప్రారంభోత్సవం కాకముందు, అర్హత లేని వ్యక్తి విడుదల చేసినవి, పైగా విటమిన్ కలవని బోరు నీళ్ళు. కాబట్టి మరణ కారణం: అనధికార నీరు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ కథలో దేవుడు శాలువా ఇచ్చి వెళ్ళాడు, పూజారి నోటీసు ఇచ్చాడు. ప్రభుత్వ పథకాన్ని ఏ అధికారంతో ప్రారంభించితివో సంజాయిషీ చెప్పుకొమ్మని అందులో ఉంది.

అక్కడితో ఆగినా పోనీలే అనుకోవచ్చు. కానీ ఒక కారణమంటూ తేలాక దాన్ని అరికట్టకుండా ఊరుకునే శాఖ కాదది. విటమిన్ కలవని నీరు కోళ్ళకు ప్రాణాంతకమని తేలిపోయింది. విటమిన్ సరుకేమో ఇంకా పై నుంచి రావాలి. కనుక సరుకు వచ్చేవరకు జిల్లాలోని కోళ్ళ షెడ్లన్నింటా నీటి వాల్వులకు తాళాలు వేయాలని ఉత్తర్వు వెలువడింది. తాళం చెవులు జిల్లా కార్యాలయంలో భద్రపరచబడును. కోళ్ళ క్షేమం దృష్ట్యా రైతులు సహకరించవలెను.

మొదటి తాళం ఆదర్శ క్షేత్రానికే పడాలి గదా. పరాంకుశం జీపులో తాళాల మూట వేసుకుని మధ్యాహ్నపు ఎండలో అమ్మిరెడ్డి దగ్గరికి వచ్చాడు. చెమటకు చొక్కా తడిసి, పెదాలు పిడచగట్టి ఉన్నాయి. వాల్వుకు గొలుసు చుట్టి, తాళం నొక్కి, తాళంచెవి డ్రైవరుకిచ్చి జిల్లా కార్యాలయానికి అప్పుడే పంపించేశాడు. ఆలస్యమైతే ఉత్తర్వును ఉల్లంఘించినట్టవుతుందట. జీపు మళ్ళీ వచ్చేదాకా కూర్చోవాలి గనక అరుగు మీద చతికిలబడి, “అమ్మా, కాస్త దాహం,” అన్నాడు.

సత్యవేణి లోపలికి వెళ్ళి కుండలోని నీళ్ళు చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆయన ఎత్తిన చెంబు దించకుండా తాగాడు. “హమ్మయ్య. ప్రాణం లేచొచ్చింది తల్లీ,” అన్నాడు. ఆయన నోట ఉత్తర్వు కాని మాట వినడం అమ్మిరెడ్డికి అదే మొదలు.

“డాక్టరుగారూ,” అన్నాడు అమ్మిరెడ్డి. “అందులో ఏ విటమినూ కలపలేదండి.”

పరాంకుశం చెంబు వంక చూశాడు. కాసేపు ఆ మొహంలో ఏదో కదిలింది. మనిషన్నవాడికి ఆ మాత్రం కదలకుండా ఉండదు. కానీ వెంటనే సర్దుకున్నాడు. “మనుషుల నీరు వేరే శాఖ పరిధిలోనిది,” అన్నాడు.

షెడ్డులో కేకలు అప్పుడప్పుడే సన్నగిల్లుతున్నాయి. అమ్మిరెడ్డి లేచి, గోడకు ఆనించిన గునపం తీసుకుని, మళ్ళీ తడి గోనెలు కప్పిన ట్యాంకు దిమ్మె దగ్గరికి నడిచి, తాళం మీద ఒక్కటేశాడు. రెండో దెబ్బకు అది ఊడి కిందపడింది.

“ఏమిటీ దౌర్జన్యం! అది ప్రభుత్వ తాళం!”

“తాళం మీదేనండి, అట్టుకెళ్ళండి,” అన్నాడు అమ్మిరెడ్డి వాల్వు తిప్పుతూ. “కోళ్ళు నావండి.”

గొట్టంలో నీళ్ళు గడగడలాడుతూ లోపలికి వెళ్ళాయి. సత్యవేణి వచ్చి గునపం ఆయన చేతిలోంచి అందుకుని గోడకు ఆనించింది. గొయ్యి పూడ్చిన నాటి నుంచి ఆమె ఆయన మొహం వంక చూడటం అదే మొదటిసారి.

కబురు ఆ సాయంత్రానికే లంకలన్నీ దాటింది. మరుసటి రోజు నుంచి తాళం వేసిన ప్రతి షెడ్డులోనూ రైతులు గునపాలూ గొడ్డళ్ళూ పట్టుకుని తాళాలు బద్దలు కొట్టారు. పగిలిన తాళాలన్నీ మూటగట్టుకుపోయి జిల్లా కార్యాలయం మెట్ల మీద గుమ్మరించారు.

శాఖ వారు వాటిని శ్రద్ధగా తూకం వేయించి, రాజధానికి ఇలా నివేదించారు: ‘కుక్కుట శీతల సంజీవని పథకానికి రైతాంగం నుండి అపూర్వ స్పందన లభించినది. విటమిన్ నీటి కోసం ఆగలేక రైతు సోదరులు తాళములను సైతం పగలగొట్టుచున్నారు. కావున వచ్చే వేసవికి మరింత దృఢమైన తాళములు మంజూరు చేయగలరు.’

మంజూరయ్యాయి.